ఐసు ఫ్యాక్టరీ దగ్గర హాజరు

కళింగపట్నం బీచి నుంచి రోడ్డెక్కే దారిలో పాడుబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. తుఫానుకి పైరేకులు ఎగిరిపోతే మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. చుట్టూ సరుగుడు తోట. వెనక వంశధార సముద్రంలో కలిసే చోటు. పగలు చేపలమ్మే ఆడవాళ్ళు ఆ నీడలోనే బుట్టలు దించుకుని కబుర్లాడుకుంటారు. దీపాలు పెట్టే వేళయ్యిందా... ఒక్కరుండరు.

పొద్దు గూకాక అక్కడ ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. తల్లయినా సరే, బిడ్డ దగ్గరికెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొస్తుంది తప్ప నోరు మెదపదు. పిలిస్తే పలుకుతారు మరి. మనం ఎవర్ని పిలిచామో వాళ్ళే పలుకుతారని నమ్మకం లేదు.

ఈ సంగతి జగదీశ్వరికి తెలీదు. ఆమెది గరివిడి. మాల్దీవుల్లో ఒక చిన్న దీవి బడిలో లెక్కలు చెబుతుంది. భర్త కామేష్ అదే బడిలో సైన్సు టీచరు. పిల్లలు దీక్షిత్, ఆశ్రిత అక్కడే పెరుగుతున్నారు. ఎటు చూసినా నీళ్ళే ఉన్నచోట పిల్లల్ని పెంచుతున్న తల్లి ఆమె. రాత్రి లేచి వాళ్ళ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటే గాని నిద్ర పట్టదు. బడి పిల్లల్ని పడవెక్కించినా అంతే. హాజరు పిలవందే పడవ కదలనివ్వదు. గాలి హోరులో గొంతు వినపడదని ఇంకో పద్ధతి కూడా పెట్టింది. ఆమె చప్పట్లు కొడుతుంది— తప్... తప్... తప్ తప్ తప్. పిల్లలు అదే వరసలో తిరిగి కొట్టాలి.

ఆ ఏడు సెలవులకి వచ్చినప్పుడు అదే బడిలో పనిచేసే భావనారాయణ, ఆయన కూతురు సంహిత కూడా వీళ్ళతో కలిశారు. వ్యాను మాట్లాడుకుని ఊళ్ళు తిరిగారు. శృంగవరపుకోట అవతల కొండవాగులో కామేష్ జారిపడ్డాడు, దీక్షిత్ కాలికి జలగ పట్టింది. పిల్లలకి అన్నిటికన్నా నచ్చింది మాత్రం డ్రైవరు ఎల్లాజీ మాట. దారి పొడుగునా అతన్ని అనుకరిస్తూనే ఉన్నారు.

"సముద్రం మద్దెలోంచొచ్చి మల్లీ సముద్రమే సూడ్డానికి ఎల్తన్నారేటండి?" అన్నాడు ఎల్లాజీ, చివరి రోజు కళింగపట్నం బయల్దేరుతుంటే.

"అక్కడ జీతానికి చూస్తాంరా బాబూ. ఇక్కడ ఊరికే చూస్తాం," అన్నాడు భావనారాయణ.

ఒడ్డున అసిరమ్మ అనే ముసలామె ఎండు చేపలు అమ్ముతోంది. బేరం చేస్తూనే జగదీశ్వరి నీళ్ళవైపు కేకలు వేస్తోంది. "దీక్షిత్! సంహితా! ఆశ్రితా!"

"టీచరమ్మవా ఏటి?" అంది అసిరమ్మ.

"ఎలా తెలిసింది?"

"ఏ తల్లయినా పిల్లల్ని పిలుస్తాది. నువ్వు హాజరేస్తన్నావు."

జగదీశ్వరి నవ్వింది. ముసలామె నవ్వలేదు. ఐసు ఫ్యాక్టరీ వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"సీకటడితే అక్కడ మాత్రం పిలవకు. మా గౌరి ఊరుకోదు."

"గౌరి ఎవరు?"

"నా మనవరాలు. బడోల్లు పిల్లల్ని సముద్రం సూపిస్తామని తెచ్చీరు. ఆ ఫ్యాక్టరీ కాడే బస్సు ఆపీరు. మా గుంటపిల్ల గవ్వలేరుకుంటా ఎనకబడిపోనాది. టీచరమ్మ తలెత్తకుండా హాజరు పిలిసింది. గౌరీ అంటే... పక్క సీట్లో గుంటపిల్ల నవ్వులాటకి 'పెజెంట్ టీచర్' అనీసింది. బస్సెల్లిపోనాది."

"...తర్వాత?"

"ఎనకాల పరిగెట్టింది. అందలేదు. అడ్డదారని ఏరు దాటబోయింది." చేప మీది ఉప్పు దులిపింది అసిరమ్మ. "ఆ టీచరమ్మకి బదిలీ అయిపోనాది. ఒక్కడూ ఇదేటని అడగలేదు. అందుకే దానికి టీచర్లంటే కసి. దానికేటి సేసేరో, అదే తిరిగి సేస్తాది. తప్పని నానెలా సెప్తాను?"

కామేష్ కొట్టిపారేశాడు. జగదీశ్వరికి దెయ్యం మీద భయం వెయ్యలేదు గాని, ఆ టీచరు మీద ఒళ్ళు మండింది. పిల్ల పేరు పిలిచి, తలెత్తి చూడకపోవడమేమిటి? అదీ ఒక టీచరేనా?

చీకటి పడుతుండగా జల్లు మొదలైంది. కరెంటు పోయింది. ఎల్లాజీ వ్యాను ఐసు ఫ్యాక్టరీ పక్కనే పెట్టాడు. ఎవరికి వారు పరిగెత్తుకొచ్చి ఎక్కేశారు. లోపలి దీపం మూడు రోజులుగా వెలగడం లేదు. మగవాళ్ళు సంచులతో మధ్య సీట్లో ఇరుక్కున్నారు. పిల్లలు వెనక. జగదీశ్వరి ముందు సీట్లో కూర్చుని, పాదాలకంటిన ఇసుక దులుపుకుంటూ... వంచిన తల వంచినట్టే, అలవాటుకొద్దీ పిలిచింది.

"దీక్షిత్."

"ఉన్నా మమ్మీ."

"సంహిత."

"ఉన్నా ఆంటీ."

"ఆశ్రిత."

ఒక్క క్షణం... "పెజెంట్ టీచర్."

ముసలామె కథ విన్నట్టుంది, ఎల్లాజీ యాస ఎంత బాగా పట్టేసిందో అనుకుంది జగదీశ్వరి. నవ్వుకుంది కూడా. వ్యాను కదిలింది.

మలుపు తిరుగుతుంటే పక్క అద్దంలో ఏదో పసుపుపచ్చగా కదిలింది. వెనక లైటు ఎర్రటి వెలుగులో ఆశ్రిత గౌను... చేతులు ఊపుకుంటూ పరిగెడుతున్న పిల్ల. నోరు తెరిచి అరుస్తోంది. అరుపు మాత్రం వినపడ్డం లేదు.

"ఆపు! ఎల్లాజీ, ఆపు!"

వ్యాను వెనక సీట్లోంచి అదే గొంతు, తాపీగా— "అందరం ఉన్నాం టీచర్... పోనీండి."

సంహిత కెవ్వుమంది. దీక్షిత్ ఏడుపు గొంతుతో, "మమ్మీ, ఆశ్రిత నీ ఒళ్ళో ఉందనుకున్నాను," అన్నాడు.

దిగి చూస్తే రోడ్డు మీద ఎవరూ లేరు.

"ఆశ్రితా!"

"పెజెంట్ టీచర్..." ఫ్యాక్టరీ లోపల్నుంచి. కామేష్ అటు పరిగెత్తాడు.

"ఆశ్రితా!"

"పెజెంట్ టీచర్..." ఈసారి సరుగుడు తోటలోంచి. భావనారాయణ, ఎల్లాజీ అటు ఉరికారు.

మూడోసారి పిలవబోయి జగదీశ్వరి రెండు చేతులతో నోరు నొక్కుకుంది. పిలిచిన కొద్దీ అది పలుకుతూనే ఉంటుంది. తిప్పుతూనే ఉంటుంది. ఈలోగా నీళ్ళు...

నోటి మీది చేతులు మెల్లగా కిందికి దిగాయి. కొట్టింది.

తప్... తప్... తప్ తప్ తప్.

జల్లు చప్పుడు. సముద్రం హోరు. ఫ్యాక్టరీ పలకలేదు. తోట పలకలేదు. గౌరి బడిలో ఈ చప్పట్లు ఎవరూ నేర్పలేదు.

మళ్ళీ కొట్టింది. అరచేతులు మండేలా కొట్టింది.

దూరంగా, ఏటి వైపు నుంచి, బలహీనంగా... తప్... తప్... తప్ తప్ తప్.

ఆమె ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలీదు. నడుం లోతు నీళ్ళలో ఉంది ఆశ్రిత. జగదీశ్వరి పేరెత్తలేదు. రెక్క పట్టుకుని, ఎత్తుకుని, ఒడ్డుకొచ్చి పడింది.

"చెప్పు కోసం వెనక్కెళ్ళాను మమ్మీ. వ్యాను వెళ్ళిపోయింది... ఒక అక్క వచ్చి, ఇటు అడ్డదారి ఉందని చెయ్యి పట్టుకుంది. నువ్వు చప్పట్లు కొడితే, తిరిగి కొట్టడానికి విడిపించుకున్నాను." పిల్ల పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "అక్క ఒకటే అడిగింది మమ్మీ. 'మీయమ్మ తలెత్తి సూసిందా?' అని."

జగదీశ్వరి పిల్లని భుజానికెత్తుకుని వ్యాను వైపు నడిచింది.

వ్యాను ఎక్కాక ఎవరి పేరూ పిలవలేదు. చీకట్లో ఒక్కొక్క తల తడిమి చూసుకుంది. ఇంటికి చేరేదాకా ఆశ్రిత రెండు చేతులూ తన గుప్పిట్లోనే ఉంచుకుంది.

సెలవులు అయిపోయాయి. దీవికి వెళ్ళిపోయారు. హాజరు పిలవడం జగదీశ్వరి మానేసింది. ఒట్టి చప్పట్లే. చప్పట్లు అబద్ధం చెప్పవని ఆమె ధైర్యం.

ఒకరోజు క్లాసు పిల్లల్ని పక్క దీవికి తీసుకెళ్ళడానికి పడవెక్కించింది. ఆశ్రిత ఆమె పక్కనే ఉంది. పట్టపగలు. అద్దంలాంటి సముద్రం. పడవ నడిపేవాడు వెళ్దామా అన్నట్టు చూశాడు. ఆమె చప్పట్లు కొట్టింది.

పిల్లలందరూ ఒక్కటిగా తిరిగి కొట్టారు— తప్... తప్... తప్ తప్ తప్.

ఆగారు.

ఆ తర్వాత... ఒక్కటే జత చేతులు. తడి చేతులు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు తడబడుతూ కొట్టినట్టు...

తప్... తప్... తప్... తప్ తప్.

జగదీశ్వరి తలెత్తి చూసింది. చివరి బల్ల మీద ఎవరూ లేరు. చెక్క మాత్రం తడిసి ఉంది. దాని మీద పిడికెడు గవ్వలు.

ఆశ్రిత ఆమె కొంగు పట్టుకుని దగ్గరికి జరిగింది.

"అక్కకి వచ్చేసింది, మమ్మీ."