గాజు మూత మీద కడియం

కొల్లేరు పక్కనే ఉండి ఉప్పునీళ్ళు కలుపుకునే ఇల్లు ఏలూరు మొత్తంలో మాదొక్కటే అయుంటుంది. ఈ చుట్టుపక్కల ఎవరింట్లో చూసినా చేపల చెరువుల కబుర్లే. మా ఆయన వేదవ్యాస్ మాత్రం ముందుగదిలో మంచమంత గాజుతొట్టె పెట్టి, బస్తాల్లో తెప్పించిన సముద్రపు ఉప్పు కలిపి, అందులో పగడపు జీవుల్ని పెంచుతారు. కోరల్స్ అంటారాయన. చూడ్డానికి పువ్వుల్లా ఉంటాయిగానీ ప్రాణులేనట. నీళ్ళలో ఉప్పు కాస్త ఎక్కువైనా, వేడి పెరిగినా, కరెంటు పోయి నీళ్ళ కదలిక ఆగినా ముడుచుకుపోతాయి.

ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. ఇంటికి రాగానే చొక్కా కూడా మార్చుకోకుండా తొట్టెలో థర్మామీటరు చూస్తారు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఒంటి మీద చెయ్యేసి చూసిన మనిషి కాదు. సవతి లేదన్న లోటు నాకు ఆ తొట్టె తీర్చింది. నీలం లైటు వెలుతురులో అద్దానికి మొహం ఆనించుకుని కూర్చున్న ఆయన్ని చూస్తే ఒళ్ళు మండేది. నాకేసి ఎప్పుడైనా అలా చూశారా అనిపించేది.

ఆయన కడుపుమంట వేరు. దాని పేరు అనిల్ కుమార్.

అనిల్ గారిది భీమడోలు. చేపల చెరువుల మందుల దుకాణం నడిపేవారు. వాళ్ళింట్లోనూ ఇలాంటి తొట్టే ఉండేది. ఆదివారం పాసింజరు బండి దిగి మా ఇంటికి వచ్చేవారు. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవారు, కాఫీలో పంచదార వద్దనేవారు. మా ఆయనకేమో రెండు చెంచాలు పడాల్సిందే. తొట్టెలో చెయ్యి పెట్టేముందు అనిల్ గారు మోచేతుల దాకా కడుక్కుని, బీపీకి మంచిదని వేసుకున్న రాగి కడియాన్ని మెల్లగా తిప్పి తీసి, తొట్టె గాజు మూత మీద పెట్టేవారు. టక్ మని చిన్న చప్పుడు. చెరువుల నాచుకి వాడే మైలుతుత్తం రోజంతా తూచే చేతులు తనవని, అందులో ఉండేదీ రాగేనని, రాగి పిసరంత నీళ్ళలో కలిసినా కోరల్స్ బతకవని చెప్పేవారు. వంటింట్లో ఉన్న నాకు ఆ టక్ వినపడితే కాఫీకి నీళ్ళు పెట్టేదాన్ని.

మా తొట్టెలో అన్నిటికంటే అందమైనది అనిల్ గారు ఇచ్చిందే. బంగారు రంగు టార్చ్ కోరల్. కాగడా మంటల్లా పొడవాటి వేళ్ళు ఊగుతుంటాయి. తన దాంట్లోంచి ఒక కొమ్మ కోసి, రాయికి జిగురుతో అతికించి తెచ్చిపెట్టారు. ఇవి పెంచేవాళ్ళలో అదొక పద్ధతట. మంచి రకం ఎవరి దగ్గరున్నా దగ్గరివాళ్ళకి ఒక ముక్క ఇవ్వాలి. ఇచ్చినవాడి తొట్టె ఎప్పుడైనా పాడైతే, తీసుకున్నవాడు అందులోంచి ఒక ముక్క తిరిగివ్వాలి. ఇద్దరూ నవ్వుతూ చేతులు కలుపుకున్నారు.

ఆ నవ్వు మా ఆయనకి ఎక్కువకాలం నిలవలేదు. అనిల్ గారింట్లో ఆ కోరల్ పళ్ళెమంత విచ్చుకునేది. మా ఇంట్లో పిడికిలంత కూడా విచ్చుకునేది కాదు. ఈయన అదే లైటు కొన్నారు, అదే ఉప్పు, అదే పంపు. చివరికి అనిల్ గారు ఏ వేళకి మేత వేస్తారో ఆ వేళకే వేసేవారు. అయినా ముడుచుకునే ఉండేది. ఆదివారం అనిల్ గారు వచ్చి అద్దం ముందు కూర్చుంటే మాత్రం కాసేపట్లో ఒక్కో వేలూ చాపుకుంటూ విచ్చుకునేది. అప్పుడు మా ఆయన మొహం చూడాలి. కన్నతల్లి ఎత్తుకుంటే ఏడ్చే పిల్ల పక్కింటావిడ చంకనెక్కి నవ్వితే ఆ తల్లి మొహం ఎలా ఉంటుందో, అలా ఉండేది. ఆయన్ని ఆ కోరల్ ఏడిపిస్తుంటే, నిజం చెప్పొద్దూ, నాకు కాస్త హాయిగానే ఉండేది.

మొన్న తుపాను గాలికి భీమడోలు వైపు కరెంటు పోయింది. రోజులు గడిచినా రాలేదు. అనిల్ గారి ఇన్వర్టరు కూడా చేతులెత్తేసింది. తొట్టె మొత్తం కుళ్ళిపోయిందని ఫోన్ చేశారు. గొంతు బొంగురుపోయి ఉంది. ఒక్క ముక్క ఇస్తే మళ్ళీ మొదలుపెట్టుకుంటానన్నారు. మా ఆయన తొట్టె వైపు చూస్తూనే జవాబు చెప్పారు.

"మాదీ పోయిందండీ. ఏమీ మిగల్లేదు."

ఆయన కళ్ళెదుటే ఆ బంగారు వేళ్ళు ఊగుతూనే ఉన్నాయి. ఫోన్ పెట్టగానే గట్టిగానే అడిగాను, అదేం మాటని, ఇచ్చినాయనకే లేదంటారా అని. ఈ చుట్టుపక్కల ఆ రకం ఇప్పుడు తన దగ్గర మాత్రమే ఉందని, ఒక్కసారైనా తనదే బాగుందనిపించుకోవాలని ఉందని అన్నారు. చిన్నపిల్లాడిలా అన్నారు. నేను ఫోన్ చేసి చెప్పేస్తానన్నాను. రెండు రోజులు ఆగమని బతిమాలారు.

ఆ రెండు రోజుల్లోనే అనిల్ గారు పోయారు. గుండెపోటు. పలకరించడానికి ఇద్దరం వెళ్ళాం. ఆయన భార్య సుబ్బలక్ష్మిగారు నా చెయ్యి పట్టుకుని చెప్పారు, చచ్చిన తొట్టె ముందే ప్రాణం పోయిందని. చెయ్యి మోచేతి దాకా నీళ్ళలోనే ఉందట. కడియం మాత్రం తీసి మూత మీద పెట్టుందట. అదంటే ఆయనకి ఇష్టమని మళ్ళీ చేతికి తొడిగి పంపించారట. మా ఆయన ఆ మాట విని తల వంచుకున్నారు. తిరుగు బస్సులో మాత్రం కిటికీలోంచి చూస్తూ, ఇక మన దగ్గర ఒక్కటే ఉంది మృదులా, అన్నారు. ఆ గొంతులో బాధ ఎంత వెతికినా దొరకలేదు నాకు.

పెద్దకర్మ అయిపోయింది. ఒక సాయంత్రం ముసురు పట్టింది. నేను వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్నాను. కరెంటు పోయింది. ముందుగదిలో పంపుల రొద ఆగింది. వెంటనే రావలసిన ఇన్వర్టరు రాలేదు. ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. చూరు నీళ్ళు కారుతున్న చప్పుడు, పొయ్యి మీద పప్పు ఉడుకు... అంతే. తాలింపు వాసన మెల్లగా తగ్గిపోయింది. దాని బదులు ఇంకో వాసన. చెరువు బురదా, బ్లీచింగూ, మందుల దుకాణం వాసన. ఆదివారాలు మా గుమ్మంలోకి వచ్చే వాసన.

టక్.

అలవాటుగా నా చెయ్యి కాఫీ గిన్నె మీదికి వెళ్ళింది. గిన్నె పట్టుకున్నాక గుర్తొచ్చింది... ఆయన లేరు కదా.

కొవ్వొత్తి పట్టుకుని ముందుగది గుమ్మం దాకా వెళ్ళాను. మా ఆయన తొట్టె ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. పక్కన ఇంకో కుర్చీ. దాన్ని అక్కడికి ఎవరు లాగారో తెలియదు. చీకటి పడితే ముడుచుకోవలసిన ఆ కోరల్ పళ్ళెమంత విచ్చుకుని ఉంది. నీళ్ళు కదలడం లేదు. వేళ్ళన్నీ మాత్రం ఆ ఖాళీ కుర్చీ వైపే వంగి ఉన్నాయి.

"ఏవండీ..." గుమ్మంలోంచే పిలిచాను.

"ష్... అడుగుతున్నాడు."

"ఏమని?"

"తన ముక్క తనకిమ్మని."

"ఇచ్చెయ్యండి. మీకు దణ్ణం పెడతాను, ఇచ్చెయ్యండి."

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇస్తే మళ్ళీ వాడిదే బాగుంటుంది."

ముక్క నేనే కోసి గేటు బయట పెట్టేద్దామని కత్తెర అందుకోబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వెనక్కి తోశారు. పెళ్ళయ్యాక ఆయన నన్ను తొయ్యడం అదే మొదలు. కొవ్వొత్తి కింద పడి ఆరిపోయింది. చీకట్లో నీళ్ళు కదిలిన చప్పుడు. ఎవరో చెయ్యి ముంచారు... ఒకరా, ఇద్దరా... మా ఆయన ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చారు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. నేను గోడకి ఆనుకుని ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. పేరు పెట్టి పిలవడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. ఆ రోజు పిలిచాను. పలకలేదు.

కరెంటు వచ్చింది. పంపులు తిరిగాయి. ఆయన అదే కుర్చీలో ఉన్నారు, కుడిచెయ్యి మోచేతి దాకా తడిసి కారుతోంది. రెండో కుర్చీ భోజనాల బల్ల దగ్గర, దాని చోట అది ఉంది. అనిల్ గారి పేరెత్తితే, పిలిచావా అన్నట్టు చూశారు. అలసటేమో అనుకుని భోజనం పెట్టాను. ఆ వాసన మాత్రం ఇల్లంతా కడిగినా పోలేదు.

మర్నాటి నుంచీ మా తొట్టె వైభోగం చెప్పనలవి కాదు. బంగారు కోరల్ నిండుగా విచ్చుకునే ఉంటోంది. తాడేపల్లిగూడెం నుంచి ఎవరో చూడ్డానికి కూడా వచ్చారు. ఇంత బాగా పెరగడం ఎక్కడా చూడలేదన్నారు. మా ఆయన ఎన్నేళ్ళుగానో ఆ మాట కోసం మొహం వాచి ఉన్నారు. విని ఎగిరి గంతేస్తారనుకున్నాను. మర్యాదగా నవ్వి ఊరుకున్నారంతే. ఆ నవ్వు చూసి నాకెందుకో ఏడుపొచ్చింది. ఆ తొట్టెని చూసి నేను కుళ్ళుకోవడానికి కూడా దాని ముందు నా మనిషి లేడనిపించింది.

మొన్న ఆదివారం సాయంత్రం వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. రెండు చెంచాల పంచదార వెయ్యబోతూ గుమ్మంలోంచి తొంగి చూశాను. ఆయన మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి తొట్టె ముందు నిలబడ్డారు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నారు. ఒట్టి మణికట్టు. దాని మీద ఏదో ఉన్నట్టు మెల్లగా తిప్పి, తీసి, ఖాళీ వేళ్ళని మూత మీద ఆనించారు.

టక్.

వెనక్కి తిరగకుండానే పిలిచారు, ఎంతో ఆప్యాయంగా.

"చెల్లెమ్మా, కాఫీ ఇస్తావా. పంచదార వెయ్యకమ్మా."