తలవతుర చెక్కబాట మీద హంతకుడు

తలవతుర చిత్తడివనంలో, జమ్ముపొదల పక్కన బెంచీ మీద, రహస్య కాగితాలు మోసే ఒక కొరియర్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. పేపర్లు గుండెపోటని రాశాయి.

కొలంబోలో ఒక పాత టీ గోదాము మేడ మీద పనిచేసే గూఢచారి విభాగం పెద్ద, కుమారిహామి మేడమ్ మాత్రం నమ్మలేదు.

"విషం. రుచీ వాసనా లేని రకం," అంది. "నెక్స్ట్ టార్గెట్ కమాండర్ సేనారత్న."

ఏజెంట్ ఇందునిల్ వీరకోన్ కనుబొమలెత్తాడు. "నేవీలో రాడార్లు చూసిన పెద్దాయనా?"

"ఆయనే. ఈ హత్య చేయించిన విదేశీ ముఠా నాయకుడి ముఖం చూసి ఇంకా బతికున్నది ఆయనొక్కడే. ఈ రోజు ఇక్కడికొచ్చి ఫోటోల్లో గుర్తుపట్టాలి."

"అయితే ఇల్లు కదలనివ్వకండి."

"చెప్పి చూశాం. తలవతురలో పొద్దుటి నడక మానేది పాడె మీదే అన్నాడు మహానుభావుడు. నువ్వు బర్డ్ గైడ్‌గా వెళ్తున్నావ్. ఇదిగో బైనాక్యులర్స్, లోపల మైక్ ఉంది. దూరపు మాటలూ వినిపిస్తాయి. పని కాగానే 'నీలి బొల్లికోడి' అను, మనవాళ్లు గేటు మూసేస్తారు."

"లోపల మనకి తోడెవరు?"

"మెరిల్ వాన్ డోర్ట్."

ఇందునిల్ మొహం చిట్లించాడు. మెరిల్ బొమ్మలు గీసే అందగత్తె, డచ్చి సంతతి బర్గర్ కులస్థురాలు. ఇటు విభాగానికీ అటు ముఠాకీ కబుర్లు మోస్తుంది.

"ఆవిడ ఎవరి మనిషో ఆవిడకే తెలీదు మేడమ్."

"అందుకే ఇద్దరికీ పనికొస్తోంది. వెళ్లు."

తలవతురలో ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. నీళ్ల మీద పరిచిన చెక్కబాట మీద చేతికర్ర ముసలివాళ్లూ, చంటిపిల్లల బళ్లూ హాయిగా పోతాయి. అంత హాయైన చోట ఇందునిల్‌కి మాత్రం ప్రతి జమ్ముకాడ వెనకా ఎవరో నక్కినట్టే ఉంది.

ముందు కమాండర్ నడుస్తున్నాడు. పక్కనే ఆయన నడక స్నేహితుడు లయనల్, బట్టతల, చంకలో గొడుగు, చేతిలో ఫ్లాస్కు. వాళ్ల వెనక పచ్చటోపీ కుర్రాడు, మెడలో పెద్ద కెమెరా. మలుపు దగ్గర మెరిల్ స్టాండు మీద బొమ్మ గీస్తోంది.

"అదిగోనండీ పొన్నంకి పిట్ట!" పచ్చటోపీ ఇందునిల్‌కి వేలెత్తి చూపించాడు.

ఇందునిల్ నవ్వి తలూపాడు. లోపల మాత్రం గంట మోగింది. ఆగస్టులో పొన్నంకి పిట్టా? అది వలస వచ్చేది వానలు మళ్లాక కదా! వీడు పిట్టల కోసం రాలేదు.

మెరిల్ పక్కన ఆగాడు. "బొమ్మ బాగుంది మేడమ్."

"తీపి ముట్టుకోనివ్వకు," తలెత్తకుండా గొణిగింది.

"ఏంటి?"

"రంగులారలేదు బాబూ, దూరంగా నిలబడు!" ఈసారి గట్టిగా కసిరింది.

తన చూపు మళ్లించడానికే ఈ నాటకం అనుకున్నాడు ఇందునిల్. అప్పుడే పచ్చటోపీ చెయ్యి సంచీలోకి పోయింది. ఒక్క ఉదుటున వెళ్లి ఆ చెయ్యి మెలిపెట్టాడు.

"అబ్బా! నీలి బొల్లికోడి! నీలి బొల్లికోడి!" కుర్రాడు మూలిగాడు. "మేడమ్ పంపిన మనిషిని అన్నా!"

"ఎందుకు పంపింది?"

"నీ మీద ఓ కన్నేసి ఉంచమని."

ఇందునిల్‌కి ఒళ్లు మండింది. సరిగ్గా అప్పుడే బైనాక్యులర్స్ మైక్ పట్టిన లయనల్ గొంతు చెవిలోని ఇయర్‌ఫోన్‌లో వినిపించింది.

"ఆకు గంజి చల్లారిపోతోంది సర్. బెల్లం కొరుక్కుంటూ తాగండి."

"మరి మీకో?"

"నాకు షుగర్ కదా!"

తీపి! ఇందునిల్ పరుగు తీశాడు. బాట చివర పందిరి కింద కమాండర్ బెల్లం ముక్క నోటి దాకా తెచ్చాడు.

"సర్! మొసలి!"

ఇంకెవరైనా అయితే వెనక్కి గెంతేవారు. ఆయన నేవీ మనిషి, ఏదీ అంటూ కమ్మీ మీదికి వంగాడు. ఆ క్షణమే చాలింది. ఇందునిల్ దెబ్బకి ముక్క ఎగిరి నీళ్లలో పడింది. చేపలు గుంపుగా ఎగబడ్డాయి. చూస్తుండగానే తెల్లటి పొట్టలతో వెల్లకిలా తేలాయి.

లయనల్ మొహంలో నవ్వు ఆరిపోయింది. గొడుగు మొనలోంచి సూది బయటికొచ్చింది. తడి చెక్క మీద ఇందునిల్ కాలు జారింది. సూది అతని గొంతు మీదికి దిగబోతుంటే, వెనకనుంచి రంగులు కలిపే టర్పెంటైన్ సీసాడు లయనల్ కళ్లలో పడింది. కెవ్వుమని అరిచి, కమ్మీ దాటి నడుములోతు బురదలో కూరుకుపోయాడు.

ఖాళీ సీసాతో మెరిల్ నిలబడి ఉంది. జాకెట్‌కున్న బ్రోచ్ పీకి నీళ్లలోకి విసిరేసింది.

"కాస్త వివరంగా చెప్పొచ్చుగా!" ఇందునిల్ రొప్పుతూ అన్నాడు.

"అందులో వాళ్ల మైక్ ఉంది. ఇంకొక్క మాట ఎక్కువ మాట్లాడుంటే ఈపాటికి నా ఫోటోకి దండ వేసేవాడివి."

ఇందునిల్ లేచి నిలబడ్డాడు. బైనాక్యులర్స్‌లోకి కోడ్ చెప్పి, ఆమెకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు.

ఆ మధ్యాహ్నం కమాండర్ ముఠా నాయకుడి ఫోటో మీద తడుముకోకుండా వేలు పెట్టాడు. పని అయిపోయినా లేవలేదు. 

"మా ఆవిడ కూడా నా ఓడ కబుర్లు రెండో మాటకే ఆపమంటుందయ్యా. ఆ లయనల్ మాత్రం నెలల తరబడి నోరెత్తకుండా విన్నాడు."

"అదే సర్," అన్నాడు ఇందునిల్, "మాకు మొదటిరోజే అనుమానం రావాల్సిన సంగతి."