వేడి నీళ్ళు చాలని శనివారం

ట్రైలర్ లేదు. తాళాలు మాత్రం ఉన్నాయి.

షెడ్డు గోడ మేకుకి మూడూ వేలాడుతున్నాయి. కొక్కేనికి వేసేది, చక్రానికి బిగించేది, ఇరుసు గొలుసుది. దేనిమీదా కోసిన గీత లేదు.

"తాళంచెవులతోనే తీశారు," అంది పోలీసు డెప్యూటీ కారిన్.

"చెవులు నా మెడలోనే ఉన్నాయిగా!" ట్రైలర్ యజమాని రెయినో కోటులోంచి తాడు పైకి లాగి చూపించాడు. డెబ్బై దాటిన మనిషి.

ఆ ట్రైలర్ చక్రాల మీద కట్టిన గుడిసె. ఉత్తర మిన్నెసోటాలో సరస్సులు గడ్డకట్టాక ఇలాంటివి మంచు మీదికి లాక్కెళ్ళి, లోపల కూర్చుని చేపలు పడతారు. దీన్ని రెయినో, కొడుకు టాడ్ కలిసి కట్టారు. కిందటి మార్చిలో మంచు పగిలి టాడ్ తన ట్రక్కుతో సహా మునిగిపోయాడు. ట్రైలర్ ఒడ్డున ఉండిపోయింది. అప్పట్నుంచి దానికి మూడు తాళాలు.

సోమవారం దాన్ని టాడ్ మునిగిన చోటికి తీసుకెళ్తానని రెయినో ఊరంతా చెప్పాడు. మంచు ఇంకా అరచేతి మందమే, బండి బరువు ఆపదు.

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న మూడున్నరకి. ఆవిరి స్నానానికి గదిలోకి వెళ్ళేముందు. బయటికొచ్చేసరికి చీకటి. పొద్దున చూస్తే లేదు."

"లోపల ఎవరెవరు?"

"నేనూ, ఈ డ్వేన్‌గాడూ. దాన్ని అమ్మమని రెండేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నాడు."

పక్కింటి డ్వేన్ మంచులో కాలు నేలకేసి కొట్టాడు. "ఒరేయ్, గంటన్నరసేపు నీ పక్కనే బట్టల్లేకుండా కూర్చున్నాను. ఆ అవతారంతో వెళ్ళి ట్రైలర్ లాగానా?"

"నువ్వు లాగుతావు."

"పిలిచి నువ్వు చేసిన మర్యాద మాత్రం తక్కువా! ఒళ్ళు కడుక్కుందామంటే చెంబెడు వేడి నీళ్ళు లేవు."

"తొట్టె నిండా పెట్టానురా!"

కారిన్ తలెత్తింది.

"రెయినో గారూ, ఆవిరి గదిలో మెడలో ఇనుము కాలదూ?"

"కాలుతుంది. అందుకే బట్టలు మార్చుకునే బయటి గదిలో చిలక్కొయ్యకి..."

రెయినో మెడలోని తాడు వైపు చూశాడు.

కారిన్ ట్రైలర్ ఉన్నచోట మోకాళ్ళ మీద కూర్చుంది. రాత్రి కురిసిన మంచుని చేత్తో తుడిచింది. కింద రెండు చక్రాల గుంతలు. లోపల మంచు నున్నగా, అద్దంలా ఉంది.

"లోపలికి పదండి," అంది.

వంటింట్లో రెయినో భార్య ఐలీ అందరికీ కాఫీ పోసింది.

"ఈ చలికి చక్రాలు నేలకి కరుచుకుపోతాయి," అంది కారిన్. "దొంగైతే ట్రక్కుతో ఒక్క గుంజు గుంజుతాడు. మంచు పెళ్ళలుగా లేస్తుంది. టైరు చిరుగుతుంది. ఇక్కడ ఎవరో వేడి నీళ్ళు పోసి మెల్లగా వదిలించారు. ఆ నీళ్ళే మళ్ళీ గడ్డకట్టాయి. వేడి నీళ్ళ తొట్టె కుళాయి బయటి గదిలో ఉంది. తాళంచెవులూ అక్కడే ఉన్నాయి. లోపల ఇద్దరే. బయట ఒక్కరే."

"ట్రక్కు చప్పుడు విన్నాను," అన్నాడు రెయినో మెల్లగా. "మనదే కదా, ఐలీ చర్చికి వెళ్తోందనుకున్నాను."

డ్వేన్ కప్పులోకి చూస్తున్నాడు.

"ఎక్కడుంది, ఐలీ గారూ?"

"కంకర గుంత అడుగున. అంచుదాకా వెనక్కి నడిపి కొక్కెం వదిలేశాను. తుక్కయిపోయింది."

"పడేసేదానికి అంత జాగ్రత్తెందుకమ్మా, నీళ్ళు పోసి?" అన్నాడు డ్వేన్.

"ఆ టైర్లు టాడ్ వేశాడు."

"ఆ సరస్సుకి ఒకణ్ణిచ్చాను," అంది ఐలీ భర్త వైపు చూడకుండా. "ఇంక ఇవ్వను."

"మంచు మీదికి వెళ్ళడానికి ట్రైలరెందుకే? కాళ్ళున్నాయిగా."

రెయినో గొంతులో కోపం లేదు. అదే కారిన్‌ని భయపెట్టింది.

రెయినో మెడలోంచి తాడు తీసి బల్ల మీద పెట్టాడు. "తాళాలు మేకుకే ఉన్నాయి. ఇంటి తలుపుకి వేసుకో."

డ్వేన్ నవ్వబోయి మానుకున్నాడు. ఐలీ తాడు అందుకుని తన మెడలో వేసుకుంది.

ఇందులో కేసు లేదు. కారిన్ డాక్టర్ నంబరు రాసి ఐలీ చేతికిచ్చింది. డ్వేన్‌ని ఈ రాత్రికి రెయినోకి తోడుగా ఇక్కడే ఉండమంది. చేయగలిగింది అంతే.

కారు తిప్పుతుంటే అద్దంలో కనబడింది. ఐలీ షెడ్డు దగ్గర మంచులో నిలబడి, మేకు మీంచి తాళాలు ఒక్కొక్కటే తీస్తోంది.