పగ మీట

లోయనగరంలో పొద్దున్నే లేచినవాళ్లు ముందు గోడమీద గాలి ఎంతుందో చూపే ముల్లు చూసుకుంటారు. అంగారకగ్రహం మీద గాలి అంటే గవర్నరు దండపాణి పెట్టిన భిక్షే మరి! పోయిన ఎన్నికల్లో, ఊరిని కప్పిన రెండు గుమ్మటాల్లో దక్షిణ గుమ్మటం వాళ్లు తనకు ఓటెయ్యలేదని ఒక పూట గాలి తగ్గించాడు దుర్మార్గుడు. అక్కడుండే వకుళ భర్త ఆ పూటే ఊపిరాడక పోయాడు.

"వాణ్ణి కుర్చీలోంచి ఈడ్చి నా కాళ్లు పట్టించకపోతే నా పేరు వకుళే కాదు," అని ఒట్టు పెట్టుకుంది. పౌరవేదిక తరఫున భూమికి వెళ్లి, అంతర్జాతీయ ఎన్నికల మండలి చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి వాళ్లు 'అంతరంగమాపకం' ఇచ్చారు.

వేలు పెట్టి ఓటేస్తే చాలు, ఆ యంత్రం నాడినీ మెదడు తరంగాలనూ చదువుతుంది. భయంతో వేసిన ఓటు చెల్లదు. ఆశపడి వేసినా చెల్లదు. రెంటికీ రెండు మీటలు. "పగతో వేసిందీ చెల్లకూడదు," అని పట్టుబట్టి మూడో మీట పెట్టించింది వకుళే. దండపాణి ఉత్తర గుమ్మటాన్ని దక్షిణం మీదికి ఎగదోసే ఓట్లు దండుకునేవాడు మరి.

ఓట్ల రోజు, దండపాణి మీద పోటీకి నిలబడ్డ ఆమే అందరికన్నా ముందు వేలు పెట్టింది.

"పగ. చెల్లదు," అంది యంత్రం.

ఆమె వెనక నిలబడ్డ దక్షిణ గుమ్మటమంతా వరసగా వేలు పెట్టి అదే మాట వింది. ఉత్తరం వాళ్లు మాత్రం తాపీగా వచ్చి, అలవాటు కొద్దీ దండపాణికే వేసిపోయారు. అవన్నీ చెల్లాయి!

"కొంప మునిగిందక్కా, మళ్లీ వాడే," అన్నాడు యంత్రం చూసుకునే ఇంజనీరు శామ్యూలు.

"పగ మీట ఆపేసి మళ్లీ లెక్కపెట్టు."

"ఓట్లు పడ్డాక రూలు మార్చడమా? అది వాడి పని కదక్కా!"

"మీ బావ గాలికి కొట్టుకుంటుంటే ఏ గంగలో కలిసిందిరా నీ రూలు? ఈ ఒక్కసారికే. ఆపు!"

శామ్యూలు తలవంచుకుని ఆపాడు. ఈసారి దక్షిణం ఒక్కటై వేసిన ఓట్లన్నీ చెల్లి వకుళ గెలిచింది.

గవర్నరు గదిలో అడుగుపెట్టి ఆమె కుర్చీ వైపైనా చూడలేదు. తిన్నగా ఉత్తర గుమ్మటం గాలి వాల్వు దగ్గరికి నడిచింది. "ఒక్క పూట. వాళ్లకీ తెలిసిరావాలి," అంటూ తిప్పేసింది. కడుపుమంట చల్లారింది.

ఆ పూటే అక్కడ దండపాణి భార్య ఊపిరాడక పోయింది.

తర్వాతి నౌకలో అతను భూమికి వెళ్లి మండలి గడప మీద పడ్డాడు. "మా ఊళ్లో న్యాయమైన ఎన్నికలు జరిపించండి మహాప్రభో!"

అక్కడి అధికారి అంతరంగమాపకం ముందుకు జరిపి వేలు పెట్టమన్నాడు.

"పగ," అంది యంత్రం.

దండపాణి మొహం పాలిపోయింది. అధికారి నవ్వి, అతనితో పంపడానికి ఇంకో యంత్రం కట్టమని లోపలికి కేకేశాడు.

"కంగారుపడకండి. పోయినసారి ఆవిడ వేలు పెట్టినా ఇదే తేలింది, ఆవిడకి చెప్పలేదంతే. పగ లేనివాడు న్యాయం కోసం ఇంతదూరం ఎందుకొస్తాడండీ?"