రిజిస్టర్లో లేని మనిషి

చిలకమ్మ శవం ఇంకా పెద్దాసుపత్రి మార్చురీలోనే ఉంది. ఆమె అక్క మొగుడు తవిటయ్య అప్పుడే ఫిర్యాదు రాయించేశాడు. ఒక కాపీ మెడికల్ కౌన్సిల్‌కి, ఒకటి పోలీసులకి.

1978 ఆగస్టు 9. తవిటయ్య విశాఖపట్నం పోర్టులో ఓ ప్రైవేటు కంపెనీ కలాసీ. కంపెనీ డిస్పెన్సరీలో డాక్టర్ గురునాథరావు టెస్టు డోసు లేకుండా పెన్సిలిన్ ఇప్పించాడు. రిక్షా ఎక్కిన ఐదు నిమిషాలకే మరదలి ప్రాణం పోయింది. ఆ డాక్టర్ లైసెన్సు రద్దు చెయ్యాలి. ఇదీ ఫిర్యాదు.

సాయంత్రం 4.10కి ఇన్‌స్పెక్టర్ రమణమూర్తి డిస్పెన్సరీకి వచ్చాడు.

"చిలకమ్మ ఎన్నింటికి వచ్చింది డాక్టర్ గారూ?"

"ఆ పేరుగల మనిషి ఇవాళ రాలేదండీ."

"ఒంటిమీద ఒకటే సూదిపోటు ఉంది. రిక్షావాడు ఈ గుమ్మం దగ్గరే ఎక్కించుకున్నానంటున్నాడు."

"రిజిస్టర్ చూసుకోండి."

చూశాడు. అరవై మూడు పేర్లు. నంబర్ల వరస తప్పలేదు. దిద్దుబాట్లు లేవు. పేజీ చింపిన జాడ లేదు. చిలకమ్మ మాత్రం లేదు.

"పేజీ మార్సేసినారు బాబూ!" గుమ్మంలోంచి తవిటయ్య అరిచాడు.

"నీ మరదలికి కంపెనీ కార్డు లేదుగా. ఇక్కడెలా చూశారు?"

"డాక్టరుబాబు దయతలిసి సూసినారని మా ఆడది సెప్పినాది. అది హార్బర్లో సేపలు ఎండేత్తంటే సెల్లెలి సావు కబురందినాది."

రమణమూర్తి మళ్లీ మొదటినుంచీ చదివాడు. ఇరవై ఏడో నంబరు దగ్గర వేలు ఆగింది.

పోయిన నెలే ఆయన బావమరిది పోలీసాసుపత్రిలో దగ్గు నయం చేయించుకున్నాడు, రమణమూర్తి కార్డు మీద, ఆయన పేరుతో. పాము కాళ్లు పాముకే తెలుసు. ఇన్‌స్పెక్టర్‌కి సిగ్గేసింది.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి అందరినీ అక్కడే కూర్చోబెట్టాడు.

"గౌరీశ్వరీ, నిన్న పదీ ఇరవై ఐదుకి ఎక్కడున్నావు?"

"హార్బర్లో బాబూ," అంది తవిటయ్య భార్య.

"నిజమే. ఇరవై మంది చూశారు. మరి 10.25కి ఇక్కడ ఇరవై ఏడో నంబరుగా పెన్సిలిన్ చేయించుకున్న గౌరీశ్వరి ఎవరు?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"కార్డు భార్యాబిడ్డలకే చెల్లుతుంది. చిలకమ్మ అక్క కార్డు పట్టుకుని వచ్చింది. అక్కకి మూడుసార్లు పెన్సిలిన్ ఇచ్చినా ఏమీ కాలేదని అందులో రాసుంది. అది నమ్మి డాక్టర్ గారు టెస్టు చెయ్యలేదు. చిలకమ్మకి ఆ మందు పడలేదు."

"ఏటే ఇది?" అన్నాడు తవిటయ్య.

"నానే ఇచ్చినాను," గౌరీశ్వరి ఏడుపు ఆగలేదు. "తగరపువలస నించి జొరంతో వచ్చినాది. కంపెనీ సూదైతే తొందరగా లేస్తాదనుకున్నాను. వొద్దక్కా అన్నాది. పేరడిగితే గౌరీశ్వరని సెప్పు అని నానే నేర్పినాను. నీ ఉజ్జోగం పోద్దని నోరు మూసుకున్నాను."

తవిటయ్య గోడకి చేరబడిపోయాడు. చేతులు జోడించాడు. "నా కంప్లైంటు ఎనక్కిచ్చెయ్యండి బాబూ. తప్పు మాదే."

"వద్దు. ఉంచండి," అన్నాడు గురునాథరావు.

అందరూ ఆయన వైపు తిరిగారు. లైసెన్సు దక్కిన మనిషి మొహంలా లేదు అది.

"ఆ మూడు ఇంజెక్షన్లూ ఈవిడకి రాసింది నేనే. మూడుసార్లు నాడి పట్టుకుని చూశాను. నిన్న వచ్చింది ఈవిడ కాదని నాకు తెలిసుండాలి. కార్డు చూశాను. మనిషిని చూడలేదు."

రమణమూర్తి కొత్త కాగితం తీశాడు. ఉద్యోగం పోయినా, లైసెన్సు పోయినా ఉన్నదున్నట్టు రాయక తప్పదు. తన కార్డు సంగతి మాత్రం ఏ కాగితంలోనూ రాయడని ఆయనకి తెలుసు. ఆ తెలియడమే ఆయన్ని తినేస్తోంది.

"రోగి పేరు?" అలవాటుగా అడిగాడు.

"చిలకమ్మ," అంది గౌరీశ్వరి. "సరిగ్గా రాయండి బాబూ. నిన్న ఇక్కడ దాన్ని నా పేరెట్టే పిలిసినారు. సచ్చేముందు దాని పేరుతో పిలిసినోళ్లు ఒక్కరూ లేరు."