తమ్ముడి దగ్గర్నుంచి ఒక సందేశం

ఓడరేవు సుంకాల అధికారిని ఎవరూ కాల్చలేదు. విషం పెట్టలేదు. ఆయన కారు బ్రేకులు తెంచలేదు. ఉదయం తొమ్మిదిన్నరకు ఆయన వంతెన ఎక్కుతుండగా డాష్‌బోర్డు తెరమీద ఒక వాక్యం వెలిగింది: ‘నాన్నా, పాప పుట్టింది.’ తియ్యని ఆడగొంతు ఒకటి దాన్ని చదివి వినిపించింది. ఆయన నవ్వుతూ ఫోటో చూడడానికి తల తిప్పారు. రెండు పాయింట్ తొమ్మిది సెకన్లు. ఆయన కూతురికి అప్పటికింకా ఏడో నెలే. పోలీసులు ‘పరధ్యానంగా డ్రైవింగ్’ అని రాసి ఫైలు మూసేశారు.

“ఇది నాలుగోది,” అంటూ పెద్దాయన ఆ ఫైలును బల్ల మీదుగా గుమాస్తా వైపు తోశారు.

పెద్దాయన ఆ రహస్య విభాగానికి అధిపతి. గుమాస్తా అన్నది అక్కడి ఏజెంటు మారుపేరు. చూడగానే బీమా కాగితాలు గుర్తొచ్చే ముఖం అతనిది. పదహారేళ్ళ గూఢచర్యంలో అతని వంక ఎవరూ రెండోసారి చూసింది లేదు.

“హ్యాకింగా సార్? స్టీరింగా, బ్రేకులా?”

“వాటి జోలికి పోతే ఆనవాలు మిగులుతుంది. నెట్‌కి కలిసిన ఈ కార్లున్నాయే, తెరమీద ఎవరి పేరు పడితే డ్రైవరు ఎన్ని సెకన్లు కళ్ళు తిప్పుతాడో కూడా రికార్డు చేస్తాయి. సరిహద్దు అవతలి ముఠా ఒకటి ఆ రికార్డు కొట్టేసింది. సరైన మలుపులో, సరైన పేరుతో, ఒక్క మెసేజ్. మిగతాది మనిషి తనంతట తానే చేసుకుంటాడు.” పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఆపరేషన్ పేరు రెప్పపాటు. కార్ల కంపెనీ లోపలి మనిషి ఎవరైనా సాక్ష్యం చెప్పాలి. ఎవరైనా తెలుసా?”

గుమాస్తాకు తెలుసు. ఆవిడ అతని పెద్దక్క.

కారు తెరమీద ఏది ఎప్పుడు కనబడాలో నిర్ణయించే ప్రోగ్రాములను పద్దెనిమిదేళ్ళుగా రాస్తున్న మనిషి ఆవిడ. ఆ రాత్రి ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని అతను అడగవలసింది అడిగాడు. తమ్ముడు ప్రభుత్వంలో ఏదో ఆఫీసులో పనిచేస్తాడన్నంత వరకే ఆవిడకు తెలుసు.

“ఇందులో కొంచెం ప్రమాదం ఉందక్కా.”

“నీకా, నాకా?”

“నీకే.”

“అయితే పర్లేదు. అన్నం చల్లారిపోతోంది, తిను.” ఆ వెంటనే ఆవిడే నవ్వింది. “నేను రాసినవాటిలో ఒక్కటి మాత్రం ఎవడూ దొంగిలించడు లేరా. సర్వీసింగ్ నోటీసు! అది ఒకసారి తెరకెక్కిందంటే నలభై సెకన్లు దిగదు. ఫోనొచ్చినా మెసేజొచ్చినా దాని వెనక క్యూ కట్టాల్సిందే. పైవాళ్ళ పంతం. ఏం లాభం? దానివైపు తల తిప్పినవాడు ఇంతవరకు లేడు. నాతో సహా.”

విచారణ సంఘం ముందు ఆవిడ హాజరు కావలసింది ఒక శుక్రవారం, పదకొండు గంటలకు. తొమ్మిదిన్నరకు ఎస్కార్ట్ కారు వస్తుందనీ అంతవరకూ ఇల్లు కదలవద్దనీ గుమాస్తా చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పకూడదన్నది విభాగం నిబంధన. ఎక్కడికైనా అరగంట ముందు బయలుదేరడం అక్క నిబంధన. చిన్నప్పుడు బడి గేటు తెరవకముందే తమ్ముణ్ణి తీసుకెళ్ళి గేటు ముందు నిలబెట్టిన మనిషి. ఎస్కార్ట్ వెళ్ళేసరికి ఇంటికి తాళం ఉంది.

విభాగం రహస్య కార్యాలయం ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పై అంతస్తులో ఉంటుంది. తొమ్మిదీ నలభైకి, దవడకు కట్టుతో, ఖరీదైన చలువ కళ్ళద్దాలతో ఒక అందగత్తె మెట్లెక్కి వచ్చింది.

“నొప్పి ఏ పంటికి?” తలుపు సందులోంచి అడిగాడు గుమాస్తా.

“ఇంకా మొలవనిదానికి.”

సంకేతం సరిపోయింది. ఆమె కట్టు విప్పింది. ఆమెను కోకిల అంటారు. నాలుగు లక్షల కార్లలో మాట్లాడే గొంతు ఆమెదే. ముఠా ఆమెను తమ మనిషనుకుంటుంది. విభాగం కూడా అలాగే అనుకుంటుంది. ఆమె ఏమనుకుంటుందో ఎవరికీ తెలియదు.

“తొందరగా. మెసేజ్ రెడీ అయింది, పొద్దున నా కళ్ళతో చూశాను,” అంటూ ఆమె లిప్‌స్టిక్ గొట్టంలోంచి గోరంత చిప్ తీసింది. “నాకు దొరికిన తాళంచెవి ఇదొక్కటే. సర్వీసింగ్ డిపార్ట్‌మెంటుది. చూడొచ్చు, వినొచ్చు. బండిని ఆపలేం, వాళ్ళ మెసేజ్‌ని చెరపలేం.”

చిప్ పెట్టగానే లాప్‌టాప్ మీద అక్క ముఖం వచ్చింది. డ్రైవరు కళ్ళను కనిపెట్టే కెమెరా అది. వేగం తొంభై. ఆవిడ చెప్పబోయే సాక్ష్యాన్ని పైకే వల్లెవేసుకుంటోంది.

“అయ్యా, నేను పద్దెనిమిదేళ్ళుగా ఈ కంపెనీలో… మా తమ్ముడు అడిగాడని… ఊహూఁ, వాడి ఊసెందుకు? నాకే అనిపించి వచ్చానండీ అంటాను.”

గుమాస్తా కోకిల వైపు తిరిగాడు. “ఎవరి పేరుతో పంపుతున్నారు?”

కోకిల అతని కళ్ళలోకి చూడలేదు. “‘తమ్ముడు’. మిగతా పేర్లకి ఆవిడ తలే తిప్పదట. ఆ పేరుకి మూడు పాయింట్ రెండు సెకన్లు. ‘అక్కా, యాక్సిడెంటైంది, ఆస్పత్రిలో ఉన్నా.’ దానికో ఫోటో. క్వారీ మలుపు దగ్గర లారీ కాచుకుని ఉంది.”

మూడు పాయింట్ రెండు సెకన్లంటే ఆ వేగానికి ఎనభై మీటర్లు. మలుపు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉంది. పెద్దాయన రెండు చెవుల దగ్గర రెండు ఫోన్లతో గదిలో తిరుగుతున్నారు. నెట్‌వర్క్ నిలిపివేయాలంటే ఉత్తర్వుకు నలభై నిమిషాలు. పెట్రోలింగ్ బండి మలుపుకు అవతల ఇరవై కిలోమీటర్లలో ఉంది.

గుమాస్తా తన ఫోను అందుకున్నాడు.

“చేయండి,” అంది కోకిల మెల్లగా. “మీ పేరు తెరమీద పడగానే ఆవిడ తిరిగి చూస్తుంది. వాళ్ళ పని మీరే చేసిపెట్టినట్టవుతుంది.”

అతను ఫోను బల్లమీద బోర్లా పెట్టాడు. తుపాకీ కాల్చడం, తాళాలు తీయడం, మూడు భాషల్లో అబద్ధమాడడం నేర్చినవాడు. ఒక మనిషిని తన వైపు చూడకుండా చేయడమెలాగో ఎవరూ నేర్పలేదు. ఐదు కిలోమీటర్లు. నాలుగు. పిలిస్తే చనిపోతుంది, పిలవకపోయినా చనిపోతుంది. అక్క కళ్ళజోడు సర్దుకుంది.

వంటింట్లో అక్క అన్నమాట గుర్తొచ్చింది: ఎవడూ తల తిప్పడు. నాతో సహా.

“ఈ తాళంచెవితో సర్వీసింగ్ నోటీసు పంపొచ్చా?”

“పంపొచ్చు. నా గొంతుతో పాత రికార్డింగులు బోలెడున్నాయి. కానీ ఆవిడ తిరిగి చూస్తే?”

“చూస్తే, ఆవిణ్ణి చంపింది నేనవుతాను.”

మలుపుకు నాలుగు వందల మీటర్లు ఉండగా అతను మీట నొక్కాడు. కారులో కోకిల గొంతు పలికింది: “ప్రియమైన వినియోగదారులకు నమస్కారం. మీ వాహనం వైపర్ బ్లేడ్లు మార్చవలసిన గడువు సమీపించినది…”

గదిలో ముగ్గురూ రెండు కనుపాపలను చూస్తున్నారు.

అవి కదలలేదు.

“మొదలెట్టింది మహాతల్లి,” అని గొణిగింది అక్క, రోడ్డునే చూస్తూ.

లాప్‌టాప్ అంచున ఎర్రచుక్క వెలిగింది: ముఠా సందేశం వచ్చి, వైపర్ బ్లేడ్ల వెనక బుద్ధిగా వరసలో నిలబడింది. మరుక్షణం అక్క కళ్ళు పెద్దవయ్యాయి. బ్రేకుల కీచు, హారన్, ముందుకు ఊగిన తల. లారీ ముక్కు పక్క అద్దానికి మూరెడు దూరంలోంచి దూసుకుపోయింది.

“కళ్ళు నెత్తికెక్కాయిరా!” అని అరిచింది అక్క. గుమాస్తా జీవితంలో అంత కమ్మని తిట్టు వినలేదు.

కానీ కారు ఇంకా నడుస్తూనే ఉంది. నలభై సెకన్లు తీరితే క్యూ కదులుతుంది. ఆలోపే అతను రెండో నోటీసు పంపాడు; క్యూలో నోటీసుకెప్పుడూ ముందు చోటే. మూడోది. టైరు గాలి. ఇంజను ఆయిలు. మళ్ళీ వైపర్ బ్లేడ్లు. పదకొండో దానికి అక్క ఓపిక నశించింది, కారును రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి, “దీని నోరు మూయించే బటనెక్కడ చచ్చింది?” అంటూ తెరమీదికి వంగింది. అప్పుడు అతను నోటీసులు ఆపి ఫోను చేశాడు.

“ఒరేయ్! నువ్వు ఆస్పత్రిలో ఉన్నావని ఇప్పుడే…”

“లేనక్కా. ఆఫీసులో ఉన్నా. బండి కదిలించకు, మనవాళ్ళొస్తున్నారు.”

“మరి ఈ ఫోటో ఎవర్దిరా?”

“ఎవరిదో. నాది కాదు.”

ఆవిడకు అర్థమైంది, ఆ తెర ఆవిడ రాసిందే.

పదకొండుకు పావు తక్కువకు ఆవిడ విచారణ గది ముందు నిలబడింది. తమ్ముడి ఊసెత్తకుండానే సాక్ష్యం చెప్పింది. ముఠా చొరబడిన దారిని కార్లలో మూసేయమని సంఘం ఉత్తర్వు ఇచ్చింది. నాలుగు లక్షల కార్లకూ పూర్తయ్యేసరికి ఆరు నెలలు పడుతుందట. లారీ దొరకలేదు. కోకిల దవడకు మళ్ళీ కట్టు కట్టుకుంటూ, “ఆ నలుగురికీ చివరి మాట వినిపించింది నా గొంతే. కాంట్రాక్టులో శాశ్వతంగా రాసిచ్చేశాను. వెనక్కి ఇవ్వరట,” అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆమె ఎవరి మనిషో అప్పుడూ తేలలేదు.

గుమాస్తా కిటికీలోంచి కింది రోడ్డును చూశాడు. కార్లు బారులు తీరి పోతున్నాయి. ఒక్కో కారులో ఒక్కో తల తెరవైపు తిరుగుతోంది. ఎవరిదో పేరు వెలుగుతోంది. ఒక్కో కారులోనూ ఎవరో ఒకరి అక్క ఉన్నట్టు అతను లెక్కపెట్టడం మొదలుపెట్టి, మానేశాడు.

సోమవారం అతని బల్లమీద ఒక మెమో ఉంది. ఎవరో బాధ్యతారహితుడైన సర్వీసింగ్ ఉద్యోగి ప్రయాణంలో ఉన్న తనకు పదకొండు నోటీసులు పంపి విసిగించాడని ఒక మహిళా ఇంజనీరు విచారణ సంఘానికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసిందని పెద్దాయన సంతకం.

నిబంధన ప్రకారం నిజం రాయకూడదు. గుమాస్తా కలం తీసి, గుండ్రని అక్షరాలతో రాశాడు: “పొరపాటుకు చింతిస్తున్నాను. వైపర్ బ్లేడ్లు బాగానే ఉన్నవి.”