బర్క్ కడుపులో మూడు చుక్కలు

ఎక్స్‌రేలో డేగ కడుపు లోపల మూడు తెల్ల చుక్కలు మెరిశాయి.

"సీసం," అంది డాక్టర్ శ్రీలేఖ. "తుపాకీ గుండ్లు."

పదేళ్ళ తల్హా బల్ల దగ్గరికి జరిగాడు. పక్షుల ఆసుపత్రి బల్ల మీద ఆ డేగ, బర్క్, రెక్కలు వేలాడేసుకుని కూర్చుంది. బర్క్ అంటే మెరుపు. ఇప్పుడు దానికి కళ్ళు తెరిచే ఓపిక కూడా లేదు.

తల్హా తండ్రి ఫసీయుద్దీన్ అల్ వక్రా అనే అరబ్బు ఊళ్ళో ఒక అర్బాబ్ డేగల్ని సాకుతాడు. అర్బాబ్ అంటే యజమాని. ఫామ్‌లో పెంచిన పిట్టల మాంసం తప్ప మరేదీ వాటి నోటికి అందనివ్వడు.

"వేటాడి తెచ్చిన మాంసం పెట్టారా?" అడిగింది డాక్టర్.

"తోబా! నేనెందుకు పెడత డాక్టరమ్మా?"

తలుపు దగ్గర నిలబడ్డ హమీదుద్దీన్ నవ్వాడు. అర్బాబ్‌తో పాటు వేటకు వెళ్ళి వచ్చిన డ్రైవర్ అతను. తల్హాకు మామూ, అంటే మేనమామ.

"గుండ్లకే గింత భయమా? ముప్పై ఏండ్ల సంది తింటున్న. పంటికి తగిల్తే ఉమ్మేస్త. నాకేమైంది?"

"పంటికి తగిలేది పెద్ద ముక్కండీ. దాని చుట్టూ రాలిన పొడి తగలదు. అది తిన్న చిన్నపిల్లల మెదడుకు మరీ చేటు."

"అయితే వేట బందు పెట్టాల్నా?"

"వేట మానమనట్లేదు. ఉక్కు గుండ్లు వాడమంటున్నా."

"ఉక్కు తేలిక. దూరం పోదు. పిట్ట సగం దెబ్బ తిని ఎగిరిపోతది, పాపం."

"దగ్గరికెళ్ళి కొట్టండి. అంత వేటగాడు కదా మీరు!"

మామూ మీసం దువ్వుకున్నాడు. తల్హాకు మాత్రం ఒక్క మాటే చెవుల్లో గింగురుమంటోంది. చిన్నపిల్లలు. ఇంట్లో నాలుగేళ్ళ చెల్లి సమ్రీన్ ఉంది.

"ఎప్పుడు తిందో తెలిస్తే నాకు పని సులువయ్యేది," అంటూ డాక్టర్ బర్క్‌ను ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

తల్హా ఆమె వెనకే రెండడుగులు వేసి ఆగిపోయాడు.

అరగంట గడిచింది. లోపల స్టీలు గిన్నెలో టక్‌మని చప్పుడు. కాసేపటికి ఇంకోటి. ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం.

టక్!

తలుపు తెరుచుకుంది. "మూడూ వచ్చేశాయి! కొన్నాళ్ళు ఇంజెక్షన్లు చెయ్యాలి. బర్క్ బతుకుతుంది."

ఫసీయుద్దీన్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "షుకర్ అల్లా!" అంటూ కొడుకును దగ్గరికి లాక్కున్నాడు. తల్హా కూడా ఏడుస్తూ నవ్వాడు.

అంతలో అర్బాబ్ వచ్చాడు. గిన్నెలో గుండ్లు చూశాడు. ఫసీయుద్దీన్ వైపు తిరిగి అరబ్బీలో రెండు మాటలు అన్నాడు. గట్టిగా అనలేదు. కానీ ఫసీయుద్దీన్ మొహం పాలిపోయింది.

"తప్పు నాదే. నేనే చూసుకోలేదు," అన్నాడు అతను అరబ్బీలో.

అర్బాబ్ చెయ్యి చాచాడు. ఫసీయుద్దీన్ తన నడుముకు వేలాడుతున్న తోలు చేతి తొడుగును విప్పసాగాడు. పదకొండేళ్ళుగా డేగలు వాలిన తొడుగు అది. అది వెనక్కిచ్చేస్తే ఉద్యోగం పోయినట్టే.

తల్హా తండ్రికీ అర్బాబ్‌కీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"డాక్టర్ ఆంటీ, నాకు అరబ్బీ సరిగ్గ రాదు. నేను చెప్పేది మీరు ఆయనకు చెప్పండి. ఒక్క ముక్క గూడ ఇడువొద్దు."

శ్రీలేఖ తలూపింది. తల్హా తల ఎత్తే మాట్లాడాడు.

"మా అబ్బాజాన్‌కు ఏం తెల్వదు. వేటల కొట్టిన గువ్వలు హమీద్ మామూ మా ఇంటికి తెచ్చిండు. అవి కూరకే, బర్క్‌కు పెట్టొద్దని అబ్బాజాన్ నాకు చెప్పిండు. అడవి పిట్టను తింటే డేగ ఇంకా జోరుగ ఎగుర్తదని మామూ అంటుంటే ఇన్న. బర్క్ నా చేతి మీదికొస్తదని ఆశపడ్డ. మొన్న సాయంత్రం ఒక గువ్వను దొంగతనంగ తీస్కపోయి బర్క్‌కు పెట్టిన."

శ్రీలేఖ ఆ మాటలు అరబ్బీలో చెప్పేసరికి అర్బాబ్ చాచిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. తల్హా గుక్క తిప్పుకున్నాడు.

"దాంట్ల రెండు గుండ్లు దొరికితే నేనే తీసేసిన. ఇంకేం లేవనుకున్న. ఇందాక డాక్టర్ ఆంటీ అడిగినప్పుడు గూడ భయపడి చెప్పలే. ఇంట్ల ఫ్రీజర్‌ల ఇంకా నాలుగున్నయి. అమ్మీ ఇయ్యాల వండుతది. ముందు అమ్మీకి ఫోన్ చెయ్యున్రి. సమ్రీన్‌కు పెట్టొద్దని చెప్పున్రి. తొడుగు మా అబ్బాజాన్‌దే. పెట్టింది నేను."